అల గుర్తు

మూడింటికి కరెంటు వచ్చింది.
తిప్పేస్వామి కుర్చీ పక్కకు జరిపి
"కూర్చో అక్కా, ఈపొద్దు నువ్వే కొట్టు" అన్నాడు.
సాఫ్ట్‌వేర్ పేరు ఒకటే అక్షరం, ఆర్.
అనంతపురం మెట్ట మడుల్లో
పంతొమ్మిదేండ్లు సెనక్కాయలు తూకమేసిన చేతులు
ఏ మీట మీద దిగాలో తెలీక
కాసేపు గాల్లోనే నిలబడినాయి.

తెల్లటి తెర. ఎడమ పక్క ఒక బాణం మొన,
దాని పక్కన ఆరి వెలిగే గీత.
ఏమీ అడగదు, ఏమీ చెప్పదు.
అప్పుకు పోయిన ఇంట్లో పెద్దమనిషి మాదిరి
మనం నోరు తెరిచేదాకా చూస్తా ఉంటుంది.

ముందు హుసేనప్ప వానల పుస్తకం ఎక్కించాల.
అట్ట ఊడితే గోనెసంచి గుడ్డతో కుట్టుకున్నాడు.
రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు వానకొలత చూసి
ఇరవై ఆరేండ్లు అవే వాలు అక్షరాలు.
ఒక ఆగస్టులో మాత్రం పదకొండు రోజులు ఖాళీ.
"సున్నా కొట్టనా?"
"వద్దక్కా. సున్నా అంటే పడలేదని.
ఇది పడిందో లేదో తెలీదని. ఎన్ఏ కొట్టు."
ఆ పదకొండు రోజులూ హుసేనప్ప
కర్నూలు పెద్దాసుపత్రిలో
పెండ్లాం మంచం కింద పండుకున్నాడని నాకు తెలుసు.
ఎన్ఏ కొట్టినా.
కూడమంటే ఆ ఏడాది మొత్తమే ఎన్ఏ అని చూపించింది.
పదకొండు రోజులు తెలీకపోతే
ఏడాదంతా తెలీనట్టేనంట.
ఆ మాటకు కాసేపు ఏమీ కొట్టలేకపోయినా.

వానకు చిన్న అక్షరంతో పేరు పెట్టి
పెద్ద అక్షరంతో పిలిచినా.
ఎర్రగా తిట్టింది: వాన దొరకలేదు.
ఈ జిల్లాలో ఈ ముక్క చెప్పేదానికి
కంప్యూటర్ కావల్నా!

కాయ. తర్వాత ఒక గుర్తు. తర్వాత వాన.
ఎడమ మూల, ఎస్కేప్ కింద,
ఇన్నేండ్లూ ఎవరూ ముట్టక దుమ్ము పట్టిన మీట.
షిఫ్ట్ పట్టుకుని నొక్కితే చిన్న అల లేస్తుంది.
సముద్రం లేని ఊర్లో అల.
కాయ, వానను బట్టి, అని దాని అర్థం.
బడి ఫీజు ఎప్పుడు కడతావు నాయనా అంటే
వానను బట్టి అనేవాడు.
చెప్పులడిగినా అదే. అద్దాలు పగిలినప్పుడూ అదే.

ఎంటర్ కొట్టినా.
గొర్రు సాలు తప్పి పడిన విత్తనాల మాదిరి చుక్కలు,
వాటి నడుమ ఒక గీత.
ఒక్క మిల్లీమీటరు వానకు ఎకరాకు కిలోన్నర కాయ.
వాన సున్నా అయితే, మైనస్ నూటపన్నెండు కిలోలు.
"మైనస్ కాయలు యాడన్నా ఉంటాయా సామీ?"
"గీతను అంత దూరం సాగదీయగూడదక్కా" అంటున్నాడు గానీ
టీ గ్లాసులు తెచ్చిన పెద్దోబులమ్మ
తెరలోకి తొంగి చూసి
"ఎందుకుండవు, విత్తనం అప్పు తెచ్చింటే" అనింది.

ఒక చుక్క గీతకు చానా కింద
ఒక్కటే పడి ఉంది.
వాన నిండుగా ఉంది. కాయ లేదు.
"తీసేద్దామా? గీత ఇంకా బాగా కుదురుతుంది."
పుస్తకం తిప్పినా. అక్టోబరు పేజీ అంచున:
పీకే ముందర ఆరు దినాలు విడువని వాన.
కాయ భూమిలోనే మొలకెత్తింది.
చూసేదానికి మడి పచ్చగా బాగుంది.

తీయలేదు.
నూటికి నలభై ఒక పాళ్ళే వాన చెప్తుందని తేలింది.
తక్కింది శేషమంట. ఉండనీ.

హాష్ గుర్తు పెట్టి రాస్తే
మిషను దాటుకుని పోతుంది, మనుషులు చదువుకుంటారని
తిప్పేస్వామి పోతా పోతా చెప్పినాడు.
హాష్ గుర్తు పెట్టినా.
పక్కన హుసేనప్ప మూడు మాటలూ ఎక్కించినా.
ఆగస్టు వరసకు ఇంకో హాష్ పెట్టి
ఆసుపత్రి అని మాత్రం రాసి,
దాచిపెట్టాలా అని అడిగితే అవునని కొట్టి
లైటు తీసేసినా.

రేపు ఎనిమిదిన్నరకు వానకొలత దగ్గరికి
నేనే పోవాల.